పుట్టబోయే ఉద్యోగి

మహోదధి ఫైనాన్షియల్ సర్వీసెస్‌లో నేను సోమవారం చేరాను. ఆ సంస్థ కుటుంబంగా మారింది మంగళవారం. ఒక్కరోజైనా దాన్ని మామూలు ఆఫీసుగా చూశాను కాబట్టి, ఆ తరువాత జరిగినవి చెప్పడానికి నాకు కాస్త అర్హత ఉందనుకుంటున్నాను.

నా పేరు పోలిశెట్టి హైమవతి. మాది చీరాల. నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఎంబీయే రెండో ఏడాదిలో ఎనిమిది వారాలు ఏదో ఒక కంపెనీలో ఇంటర్న్‌గా పనిచేయాలని రూలు. మా కాలేజీ నుంచి మహోదధికి ఎంపికైంది నేనొక్కదాన్నే. ఎనిమిది వారాలు బాగా చేస్తే వాళ్ళే ఉద్యోగం ఇస్తారని మా ప్లేస్‌మెంట్ సారు చెప్పారు. నాన్న ఆ మాటను తన బస్సెక్కిన తెలిసినవాళ్ళందరికీ టికెట్టుతో పాటు ఇచ్చాడు. ఉద్యోగం లేకుండా చీరాలలో దిగడం నాకు కుదరని పని.

హైదరాబాదులో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, ఇరవై రెండంతస్తుల అద్దాల భవనం మహోదధిది. పద్నాలుగో అంతస్తులో పింఛను పాలసీల విభాగం. అక్కడ నా మేనేజరు చెన్నుభట్ల ఫణీంద్ర గారు. నలభై ఏళ్ళుంటాయి. మెత్తటి మనిషి. ఏది అడిగినా ముందు వెనక్కి తిరిగి చూసి, తరువాత "చూద్దాం" అనేవారు. మొదటిరోజు నాకు కుర్చీ, కాఫీ మిషను, అత్యవసర ద్వారం చూపించి, "ఇంతే. మిగతాది అలవాటైపోతుంది" అన్నారు.

మంగళవారం సర్క్యులర్ వచ్చింది. ఎవరో సలహాదారులు సర్వే చేసి, మహోదధి ఉద్యోగుల్లో ఆత్మీయత నలభై ఒక్క శాతమే ఉందని తేల్చారట. దాని మీద ఎండీ గారు స్వయంగా రాశారు: 'మహోదధి ఒక కుటుంబం అని ఇంతకాలం గోడల మీద రాసుకున్నాం. నేటి నుండి హాజరుపట్టీలో కూడా రాసుకుంటాం. హోదాలు రద్దు చేయడమైనది. వాటి స్థానంలో బంధుత్వాలు మంజూరు చేయడమైనది.'

ఆ రోజే మానవ వనరుల విభాగం బాంధవ్య విభాగమైంది. దాని అధిపతి కాదంబరి గారు ముఖ్య బాంధవ్య అధికారి అయ్యారు. ఆవిడ కంచిపట్టు చీర కట్టుకుని, చెవిలో మైకు పెట్టుకుని మా అందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టారు.

"బంధుత్వం అనేది ఫీలింగ్ కాదు, ఫ్రేమ్‌వర్క్" అన్నారు. "ప్రేమను కూడా మనం త్రైమాసికంగా కొలవగలిగినప్పుడే అది నిజమైన ప్రేమ అవుతుంది. మాన్యువల్ నూట ఆరు పేజీలు. శుక్రవారానికల్లా అందరూ చదివి, ఆత్మీయంగా సంతకం పెట్టండి."

మాన్యువల్ ప్రకారం తోటి ఉద్యోగులు అన్నలూ అక్కలూ. టీమ్ లీడర్లు బాబాయిలూ పిన్నులూ. ఎండీ గారిని ముందు తాతగారు అన్నారు. ఆయనకు నలభై ఆరేళ్ళు, జుట్టుకు శ్రద్ధగా రంగు వేసుకుంటారు. సాయంత్రం నాలుగింటికి సవరణ వచ్చింది, పెదనాన్నగారు అని. ఐటీ విభాగం వాళ్ళు బావలు. కంప్యూటర్ పాడైతే బావను పిలవాలి, బావ ఎగతాళి చేస్తే పడాలి, బాగుచేస్తాడో లేదో బావ ఇష్టం. ఆడిట్ వాళ్ళు వియ్యాలవారు. వాళ్ళు వచ్చినప్పుడు ఎదురెళ్ళి మర్యాదలు చేయాలి, ఏం అడిగినా నవ్వాలి, ఏమీ చెప్పకూడదు. దీనివల్ల ఆడిట్ పద్ధతిలో కొత్తగా వచ్చిన మార్పేమీ లేదని పాతవాళ్ళు చెప్పారు.

బుధవారం కాదంబరి గారు నన్ను పిలిపించారు.

"హైమవతీ, నీ విషయంలో చిన్న గ్యాప్ వచ్చిందమ్మా. సిస్టమ్ నిన్ను తీసుకోవట్లేదు."

"చెల్లెలని పెట్టేయండి మేడం" అన్నాను.

"చెల్లెలంటే పర్మనెంటుగా రోల్స్ మీద ఉండాలి కదా. నువ్వింకా రోల్స్ మీదకి రాలేదు."

"మరి నేనేమవుతానండీ?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలా ఆప్యాయంగా చెప్పారు. "నువ్వింకా పుట్టలేదమ్మా."

పది నిమిషాల్లో నా మెడలో కొత్త కార్డు పడింది. 'పి. హైమవతి. పుట్టబోయే బిడ్డ. తల్లి: సి. ఫణీంద్ర.'

"మేడం, సార్‌ని తండ్రి అని పెట్టొచ్చు కదండీ?" అని అడిగాను.

"ఎనిమిది వారాలు బిడ్డ ఉండాల్సింది తల్లి దగ్గర కదమ్మా. తండ్రి దగ్గర ఎలా ఉంటుంది?" అని ఆవిడ నవ్వారు. "మేం లాజిక్ లేకుండా ఏదీ చేయం."

పుట్టని బిడ్డకు మాన్యువల్‌లో ఒక పేజీ కేటాయించారు. మీటింగుల్లో కూర్చోవచ్చు, వినవచ్చు, మాట్లాడకూడదు. విడిగా మెయిల్ ఐడీ ఉండదు. తల్లి తిన్నదే బిడ్డ తినాలి కాబట్టి నా క్యాంటీన్ కార్డును ఫణీంద్ర గారి కార్డుతో కలిపేశారు. ఆయనకు షుగరు. పక్క టేబుల్ మీద బిర్యానీ పొగలు కక్కుతుంటే మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని జొన్నరొట్టె, కాకరకాయ కూర తినేవాళ్ళం.

"సారీ హైమా" అనేవారాయన ప్రతిరోజూ.

"పర్లేదు సార్."

"సార్ అనకు. వెనక బాబాయి ఉన్నాడు."

"పర్లేదమ్మా" అనేదాన్ని.

మూడో వారంలో ఆయనకు సీమంతం చేశారు. పద్నాలుగో అంతస్తు సమావేశ మందిరంలో కుర్చీ వేసి, శాలువా కప్పి, పూలదండ వేసి కూర్చోబెట్టారు. గాజులు వేయడం పిన్నుల వంతు. ఆయన చెయ్యి పెద్దది. సబ్బునీళ్ళు తెప్పించి, ముగ్గురు పట్టుకుని, రెండు చేతులకూ కలిపి రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు ఎక్కించారు. ఎక్కించాక తీయడం ఎవరి తరమూ కాలేదు. మాన్యువల్ ప్రకారం తీయకూడదు కూడా. ఆ మధ్యాహ్నమే ముంబై నుంచి వచ్చిన క్లయింట్లకు ఆయన ప్రజెంటేషన్ ఇవ్వాలి. గ్రాఫు పైకి చూపించినప్పుడల్లా గాజులన్నీ మోచేతి దాకా జారి గలగలమన్నాయి. క్లయింట్లు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వాళ్ళ ఆఫీసులోనూ ఏదో ఒకటి మొదలైందని వాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది.

ఇంతవరకూ జరిగిందంతా నేను మా హాస్టల్లో నవ్వుతూ చెప్పుకున్నాను. ఐదో వారం నుంచి నవ్వలేకపోయాను.

పెదనాన్నగారికి ఒక ఆలోచన వచ్చింది. కస్టమర్లు కూడా కుటుంబమే కదా, వాళ్ళు చనిపోయినప్పుడు ఇంటికి సంతాప లేఖ పంపాలి అని. 'ఆత్మీయ సంతాప పథకం' అని పేరు పెట్టారు. ఆ ఏడాది చనిపోయినవాళ్ళను గుర్తుపెట్టిన పింఛనుదారుల జాబితా మా విభాగంలో తయారైంది. ఉత్తరం పెదనాన్నగారే రాశారు. జాబితా మీద ఆయనే సంతకం చేశారు. కవర్ల మీద చిరునామాలు సరిగా పడ్డాయో లేదో చూడమని నాకిచ్చారు.

చిరునామాలు బాగానే ఉన్నాయి. మనుషులే తప్పు. పేర్లు ఒక నిలువు వరుసలో ఉన్నాయి, 'మరణించారు' అన్న గుర్తు పక్క వరుసలో ఉంది. ఎవరో పేర్లను అక్షరక్రమంలో సర్దారు గాని, పక్కనున్న గుర్తులను వాటితో పాటు కదపలేదు. దాంతో ఒకరి చావు మరొకరి పేరు పక్కకు వెళ్ళింది. పాత జాబితాతో పోల్చి చూశాను. పదకొండు వందల నలభై మంది బతికున్నవాళ్ళు చనిపోయినట్టు, అంతమందే చనిపోయినవాళ్ళు బతికున్నట్టు తేలింది.

ఫణీంద్ర గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి చూశారు.

"తప్పే" అన్నారు.

"చెప్పండి సార్... అమ్మా. ఉత్తరాలు ఎల్లుండి వెళ్ళిపోతాయి. దీంతో పాటు పింఛన్లూ ఆగిపోతాయి."

"పెదనాన్నగారి సంతకం పడింది హైమా. పెద్దల సంతకం పడ్డాక పిల్లలు తప్పు పట్టకూడదని పన్నెండో పేజీలో ఉంది."

"ఆడిట్ వాళ్ళకి చెబుదాం."

"ఇంట్లో విషయాలు వియ్యాలవారికి చెప్పుకుంటామా? అది పదమూడో పేజీ."

"పోనీ మీటింగులో నేనే చెప్తాను."

"నువ్వు పుట్టలేదు" అన్నారాయన. తనే రాసిన రూలైనట్టు తల దించుకున్నారు. "పదిహేనేళ్ళ సర్వీసు నాది. ఈ వయసులో ఇంకోచోట నన్నెవరు తీసుకుంటారు?"

మాన్యువల్ అంతా వెతికితే, పుట్టని బిడ్డ బయటివాళ్ళకు ఏదైనా తెలియజేయాలంటే ఒకే దారి కనిపించింది. దాని పేరు కదలిక ఫారం. తప్పు మొత్తం వివరంగా రాసి, రెండు జాబితాలూ జతచేసి, ఫణీంద్ర గారి ఐడీ నుంచి బాంధవ్య విభాగానికి పంపాను. రెండు గంటల్లో ఆఫీసందరికీ కలిపి జవాబొచ్చింది.

'పద్నాలుగో అంతస్తు తల్లికి హార్దిక అభినందనలు. బిడ్డ కదలిక చురుగ్గా నమోదైంది. ఇది ఆరోగ్య లక్షణం. జతచేసిన పత్రాలు తెరవవలసిన అవసరం కనబడలేదు.'

వెంట ఒక డబ్బా సున్నుండలు కూడా వచ్చాయి. తల్లికి షుగరు కాబట్టి అవి నాకూ దక్కలేదు.

అప్పుడు నేను లేచి అరవవలసింది. ఇరవై రెండో అంతస్తుకు వెళ్ళి పెదనాన్నగారి తలుపు కొట్టవలసింది. కొట్టలేదు. ఎందుకంటే నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇంకో మూడు వారాలు నోరు మూసుకుంటే చాలు. గురువారం ఉత్తరాలు వెళ్ళిపోయాయి. నల్ల అంచు కవర్లు, లోపల దీపం బొమ్మ. నిజంగా చనిపోయినవాళ్ళ ఇళ్ళకు అదే రోజు 'నిండు నూరేళ్ళు వర్ధిల్లండి' అని పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్ళాయని తరువాత తెలిసింది.

సోమవారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్ చేసిన నంబరు చనిపోయినవాళ్ళదని సిస్టమ్ చూపిస్తే, సంతాపం తెలిపి పెట్టేయమని కాల్ సెంటర్‌కు సూచనలున్నాయి. వాళ్ళు తెలిపి పెట్టేశారు. బుధవారం నాటికి ఫోన్లు తగ్గాయి. చనిపోయినవాళ్ళు స్వయంగా రావడం మొదలుపెట్టారు.

మొట్టమొదట వచ్చింది జనగామ నుంచి ఒక ముసలి జంట. రిసెప్షన్ నుంచి కబురొస్తే కాదంబరి గారు మాన్యువల్ తిరగేశారు. మరణించిన వ్యక్తితో ఉద్యోగులు మాట్లాడవచ్చా లేదా అన్నది మాన్యువల్‌లో లేదు. ఆవిడ చుట్టూ చూసి నా దగ్గర ఆగారు.

"నువ్వెళ్ళమ్మా. నీకైతే ప్రొటోకాల్ అడ్డు రాదు."

కింద సోఫాలో దాసోజు విశ్వనాథం గారు కూర్చుని ఉన్నారు. ఐటీఐలో వడ్రంగం నేర్పి రిటైరైన మాస్టారు. ఒక కంటి మీద పొర తెల్లగా కనిపిస్తోంది. పక్కన ఆయన భార్య భారతమ్మ గారు, చేతిలో నల్ల అంచు కవరు. ఆవిడ మెడలో సందర్శకుల పాసు ఉంది. ఆయనకు లేదు.

"సారు పేరు సిస్టమ్ తీస్కుంటలేదు మేడం" అన్నాడు సెక్యూరిటీ ఆయన ఇబ్బందిగా. "ఆధార్ నంబర్ కొడితే పువ్వుల బొమ్మ వస్తుంది."

"ఏం బిడ్డా, గీ కాయితం మీరే పంపిండ్రా?" అని భారతమ్మ గారు లేచారు. "పోస్టుమాన్ తెస్తే ఈయననే సంతకం పెట్టి తీస్కున్నడు. నాకు కండ్లద్దాలు లెవ్వు, నువ్వే సదువయ్యా అన్న. సగం సదివిండు. సదివి, 'భారతీ, నేను సచ్చిపోయిన్నట' అన్నడు. ఏమనాలె నేను?"

ఆవిడ కవరు నా చేతిలో పెట్టారు.

"ఒకటో తారీకు పింఛను పడలే. బ్యాంకుల అడిగితే, ముందుగాల ఆయన డెత్ సర్టిఫికెట్ తెమ్మన్నరు. ఆయన పక్కన్నే నిలవడ్డడు. నిన్న మంగళారం కంటికి మోతిబిందు ఆపరేషన్ ఉండె. దవాఖానల పైసలు కట్టలేక తారీకు పోయింది. మళ్ళ ఎన్నడిస్తరో తెల్వదు."

విశ్వనాథం గారు ఆమెను చేత్తో వారించి నెమ్మదిగా అన్నారు. "నాకు పేచీ ఏం లేదమ్మా. తప్పు ఎవరికైనా అయితది. గని, ఊరంతా ఆమెను పలకరిస్త వస్తున్నరు. నేను పక్కన కూసుంటున్న. ఎవల మొఖం చూడాల్నో తెలుస్తలేదు."

ఆయన కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"అయ్యా, ఈ తప్పు నాకు ముందే తెలుసు" అన్నాను. "చెప్పాల్సినట్టు చెప్పలేదు. కాసేపు కూర్చోండి."

పైకి వెళ్ళేసరికి అత్యవసర కుటుంబ సమావేశం జరుగుతోంది. ఉత్తరాల్లో తప్పు దొర్లిందని అప్పటికి అందరికీ అర్థమైంది, పెదనాన్నగారికి కూడా. ఆయన బల్ల చివర నిలబడి ఉన్నారు.

"తప్పు జరిగిందా లేదా అన్నది చిన్న ప్రశ్న" అన్నారాయన. "ఒక కుటుంబ పెద్దగా నేను సంతాపం తెలిపాను. రేపు దాన్ని వెనక్కి తీసుకుంటే, మన సంతాపానికి మార్కెట్లో విలువేముంటుంది?"

బాబాయిలందరూ తలలూపారు.

"పైగా నన్నొక విషయం కలచివేస్తోంది. పదకొండు వందల నలభై మంది పోయారని మనమే ప్రకటించాం. ప్రకటించి ఏం చేశాం? ఏమీ జరగనట్టు కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. ఇదేనా కుటుంబం?"

కాదంబరి గారు వెంటనే అందుకున్నారు. "మైల పాటించలేదు సర్... పెదనాన్నగారూ. అది మా గ్యాపే."

ముందు పదకొండు రోజులనుకున్నారు. త్రైమాసిక లెక్కలు దగ్గరపడ్డాయని మూడు రోజులకు కుదించారు. గురువారం ఉదయం నుంచి ఎవరూ కంప్యూటర్ ముట్టుకోకూడదు. ఉద్యోగులందరి లాగిన్లూ మూసేశారు. బల్లలు పక్కకు జరిపి చాపలు పరిచారు. క్యాంటీన్లో తిరగమోత లేని పప్పు. ఇరవై రెండు అంతస్తుల మనుషులు నేల మీద కూర్చుని, కింద పార్కింగులో కూర్చున్నవాళ్ళ ఆత్మశాంతి కోరారు. పార్కింగులో వాళ్ళు ఆ మధ్యాహ్నానికి నలభై మందయ్యారు. సెక్యూరిటీ ఆయన ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, మంచినీళ్ళు పెట్టించాడు. జనగామ దంపతులు ముందు రాత్రి ఎవరో చుట్టాలింట్లో తలదాచుకుని మళ్ళీ వచ్చారు.

నేను ఫణీంద్ర గారి చాప పక్కన కూర్చుని, అలవాటుగా ల్యాప్‌టాప్ మూత తీశాను. తెరుచుకుంది. పింఛను జాబితా కూడా తెరుచుకుంది. ఐటీ బావ ఒకడు అటుగా వెళ్తుంటే పిలిచి చూపించాను. అతను వంగి చూసి కిసుక్కున నవ్వాడు.

"మైల బంధువులకే కదా. నువ్వు పుట్టలేదని నీ అకౌంట్ ఆ లిస్టులో రాలేదు. ఈ బిల్డింగులో ఇప్పుడు పని చేయగలిగింది నువ్వొక్కదానివే" అని చెప్పి, ఏమీ చూడనట్టు వెళ్ళిపోయాడు.

దిద్దడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. గుర్తులన్నీ ఎవరివి వాళ్ళకు చేర్చాను. పాత జాబితాతో ఒక్కొక్క పేరూ సరిచూసుకున్నాను. చివర తెర మీద ఒక గడి వచ్చింది. 'తల్లి ఆమోదం అవసరం. ఆరు అంకెల సంఖ్య తల్లి ఫోనుకు పంపబడింది.'

సరిగ్గా అప్పుడే పెదనాన్నగారు మా అంతస్తుకు వచ్చి రెండు నిమిషాల మౌనం ప్రకటించారు. అందరూ లేచి తలలు వంచారు. ఆ నిశ్శబ్దంలో ఫణీంద్ర గారి ఫోను టింగుమంది. ఆయన జేబులోంచి తీసి చూశారు. నా వైపు చూశారు. అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి చూశారు. వెనక పెదనాన్నగారే ఉన్నారు.

చూద్దాం అంటారనుకున్నాను.

"ఏడు" అన్నారు ఫణీంద్ర గారు పైకి. "సున్నా. రెండు."

తలలన్నీ లేచాయి. కాదంబరి గారు వేలు పెదాల మీద పెట్టుకుని సైగ చేశారు.

"రెండు. తొమ్మిది" అన్నారాయన ఇంకాస్త గట్టిగా. ఫోను కళ్ళకు దగ్గరగా ఎత్తితే గాజులు మోగాయి. "నాలుగు."

నేను కొట్టాను. 'మార్పులు నమోదయ్యాయి' అని వచ్చింది. మౌనంలో ఇంకా అర నిమిషం మిగిలి ఉంది. అది కూడా పాటించి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లమీద కిందికి పరుగెత్తాను.

సెక్యూరిటీ ఆయన విశ్వనాథం గారి నంబరు మళ్ళీ కొట్టాడు. మిషను గరగరమని పాసు బయటికి తోసింది. ఆయన దాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని తన పేరు చదువుకున్నారు.

"ఇగ బతికిన్ననా బిడ్డా?" అన్నారు.

"బతికారండీ. పింఛను రెండు రోజుల్లో పడుతుంది. బ్యాంకులో అడిగితే ఈ పాసు చూపించండి."

భారతమ్మ గారు ఆ పాసు ఆయన చేతిలోంచి తీసుకుని, ఆయన మెడలో వేసి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. తరువాత ఆయన్ని కసిరారు. "పా ఇగ. ఎంతసేపు కూసుంటవ్? బస్సుకు టైమైతున్నది."

శనివారం సాయంత్రం మైల తీరాక విచారణ జరిగింది. దిద్దింది ఎవరో రికార్డులో స్పష్టంగా ఉంది. అయితే పుట్టనివాళ్ళను శిక్షించే నిబంధన లేదు, మెచ్చుకునే నిబంధన కూడా లేదు. కాబట్టి ఎవరూ దిద్దలేదని నివేదిక రాశారు. జాబితా మాత్రం సరిగ్గా ఉంది. దానికేదో కారణం చెప్పాలి. ఆదివారం పత్రికలకు ప్రకటన పంపారు: 'మహోదధి కుటుంబం మూడు రోజులు పాటించిన నియమనిష్ఠల ఫలితంగా పదకొండు వందల నలభై మంది కస్టమర్లు పూర్తిగా కోలుకున్నారు.'

మౌనం భంగం చేసినందుకు ఫణీంద్ర గారిని మాత్రం సోమవారం పిలిచారు. కొత్తబట్టలు పెట్టి, అక్షతలు వేసి, చేతికి ఒక కాగితమిచ్చారు. దాని మీద 'వేరు కాపురం' అని ఉంది.

"తీసేయడం అనే మాట కుటుంబంలో ఉండదు" అని కాదంబరి గారు నాతో అన్నారు. "వేరుగా ఉండి వృద్ధిలోకి రమ్మని దీవించాం. సాయంత్రం ఆరులోపు."

ఆయన అట్టపెట్టెలో సామాన్లు సర్దుకుంటుంటే దగ్గరికెళ్ళాను. "నావల్లే కదండీ" అన్నాను.

"కాదు" అన్నారాయన. "పదిహేనేళ్ళలో ఆఫీసులో నేను గట్టిగా మాట్లాడింది అదొక్కసారే. అదీ అంకెలు." నవ్వారు. "నా గొంతు అంత బాగుంటుందని నాకే తెలీదు."

ఆ సాయంత్రం పార్కింగులో సెక్యూరిటీ ఆయన కొబ్బరినూనె రాసి, ఒక్కొక్కటిగా ఫణీంద్ర గారి గాజులు తీసిపెట్టాడు. ఐదు పగిలాయి, ఆయన చేతికి చిన్న గాయమైంది. నెల తిరక్కుండా వనస్థలిపురంలో ఒక ట్యుటోరియల్‌లో లెక్కల మాస్టారుగా చేరానని ఫోన్ చేశారు. జీతం సగమట. మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచేస్తున్నారట.

తల్లి వేరు కాపురం వెళ్ళిపోయింది కాబట్టి మిగిలిన రోజులు నన్ను బాంధవ్య విభాగం పక్కన ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టారు. దానికి ఇంక్యుబేటర్ అని పేరు. వచ్చిపోయేవాళ్ళు అద్దంలోంచి నన్ను చూసి చెయ్యూపేవారు.

ఎనిమిదో వారం శుక్రవారం కాదంబరి గారు ఒక పళ్ళెంలో పసుపు, కుంకుమ, మధ్యలో కవరు పెట్టుకుని వచ్చారు. ఉద్యోగ పత్రం. జీతం నాన్న జీతానికి రెండున్నర రెట్లు.

"వచ్చే నెల ఒకటిన నీ జననం, పదకొండున బారసాల" అన్నారు. "నీ ఓపిక అందరికీ నచ్చిందమ్మా. ఎనిమిది వారాలు ఒక్క మాట మాట్లాడలేదు."

కవరు చేతిలోకి తీసుకున్నాను. బరువైన కాగితం, మంచి వాసన వేస్తోంది.

"మేడం, ఒక్క సందేహం" అన్నాను. "పుట్టాక, ఏదైనా తప్పు కనిపిస్తే చెప్పొచ్చా?"

ఆవిడ ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. మాన్యువల్ తెరిచి, వేలితో వరసలు దిగుతూ చదివారు. తలెత్తి, మొదటి వారం నా చెయ్యి పట్టుకున్నంత ఆప్యాయంగా చెప్పారు.

"పుట్టిన బిడ్డకి మాటలు రావడానికి రెండేళ్ళు పడుతుంది కదమ్మా."

కవరు పళ్ళెంలో పెట్టేసి, నమస్కారం చేసి వచ్చేశాను. ఈ కథలో నేను ధైర్యంగా చేసిన పని ఇదొక్కటే. అది చేసి కూడా లిఫ్టులోకి వచ్చాక ఏడ్చాను.

నాన్నకు ఫోన్లో చెప్పలేక చీరాల వెళ్ళి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు అన్నం తింటూ తింటూ ఆగి, "పదకొండు వందల నలభై మందా?" అన్నాడు. అవునన్నాను. "అంటే దాదాపు ఇరవై బస్సులు" అన్నాడు. మజ్జిగ పోసుకుని తినడం పూర్తిచేశాడు.

పరీక్షలయ్యాక బాపట్లలో ఒక చిన్న సహకార బ్యాంకులో ఉద్యోగం దొరికింది. మేనేజరు చావలి సుబ్బారాయుడు గారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ చిరాకు మనిషి. చేరిన రోజు ఉదయం నోటీసు బోర్డు మీద ఆయన సంతకంతో అంటించిన కాగితంలో తారీకు తప్పుంది. పది నిమిషాలు దాని ముందు తచ్చాడి, లోపలికి వెళ్ళి చెప్పాను.

"వచ్చి గంట కాలేదు, అప్పుడే మొదలెట్టావా?" అని ఆయన గది దద్దరిల్లేలా అరిచారు. "నిన్నెవడు పంపాడమ్మాయ్ నా ప్రాణానికి? ముప్ఫై మూడేళ్ళ సర్వీసు నాది, నాకు తారీకులు నేర్పుతావా?" బయట కౌంటర్ల దగ్గర అందరూ పని ఆపి చూశారు. ఆయన విసురుగా లేచి, నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితానికి ముక్కు ఆనించి చదివారు. జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చారు.

"నిజమే. దిద్దు" అన్నారు.

దిద్దాను.